సారు పక్కకు తీసిన పల్లీలు

మా కాలేజీ గేటు ముందు బండి మీద పల్లికాయలు వేగుతున్నాయి. ఆ కమ్మటి వాసన స్టాఫ్‌రూమ్ దాకా వచ్చింది. టీవీలో బడ్జెట్ ప్రసంగం నడుస్తోంది. తోటి లెక్చరర్లు అప్పుడే రెండు పార్టీలై గొంతులు చించుకుంటున్నారు. నాకు మాత్రం నర్సింలు సారు గుర్తొచ్చారు. ఇదే సిద్దిపేటలో సారు నాకు డిగ్రీలో అర్థశాస్త్రం చెప్పారు. కొండపాక నుంచి బస్సులో వచ్చేవారు. బడ్జెట్ రోజుల్లో పుస్తకం తెరిచేవారు కాదు. సంచెడు పల్లికాయలు బల్ల మీద కుమ్మరించి, "మీలోకెల్లి ఒక సర్కారును ఎన్నుకోన్రి. గివి ఎట్ల పంచాల్నో గా సర్కారే చెప్పాలె" అనేవారు.

నేను డిగ్రీ చదువుతున్న ఒక ఏడు మా బాపు పనిచేసే సర్కారు నూలు మిల్లును అమ్మేస్తారని అంతా అనుకుంటున్నారు. వ్యాపారం చేయడం ప్రభుత్వం పని కాదని కొత్తగా గద్దెనెక్కినవాళ్ల నమ్మకం. ఇంట్లో అమ్మ ఊరికే కళ్లు తుడుచుకునేది. ఆ దిగులుతోనే క్లాసుకు వెళ్లాను. మొదట మా క్లాసులోని రమేష్ సర్కారు వచ్చింది. ఎవరు ఒలుచుకున్నవి వాళ్లవే అన్నాడు. కుప్ప చిటికెలో మాయమైంది. చేతికి కట్టుతో వచ్చిన స్వరూపకు ఒక్క గింజ కూడా దక్కలేదు. సారు మళ్లీ కుప్ప పోశారు. ఈసారి నా సర్కారు. అందరూ ఒలిచి ఒకచోట పోయాలి, చివర్లో సమానంగా పంచుకోవాలి అన్నాను. పక్కవాళ్లు ఒలుస్తారులే అని ఎవరికి వారు కబుర్లలో పడ్డారు. గంట కొట్టేసరికి కాయలన్నీ అట్లాగే ఉన్నాయి. సారు కడుపుబ్బ నవ్వి, "రెండు సర్కార్లూ పడిపోయినయ్" అన్నారు. ఆ తర్వాత జేబులోంచి ఒలిచిన పల్లీలు గుప్పెడు తీసి స్వరూప ముందు పెట్టారు. "గివి ముందుగాలనే పక్కకు తీసిన. ఏ సర్కారొచ్చినా గీ పని మరువద్దు."

అక్కడితో ఆపితే బాగుండేది. నా వైపు తిరిగి, "రేపు మిల్లు అమ్మాలనేటోళ్ల తరఫున నువ్వు మాట్లాడు బిడ్డా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మా ఇల్లు మునుగుతుంటే నేను వాళ్ల తరఫున మాట్లాడాల్నా సార్?" అని ఏడుస్తూ బయటికి వచ్చేశాను.

సాయంత్రం సారు మా ఇంటికే వచ్చారు. "మీ బిడ్డను ఏడిపించిన అన్నా, తప్పు నాదే" అన్నారు బాపుతో. బాపు చాయ్ అందిస్తూ, "నష్టమొస్తున్నదని మాకూ ఎరికే సార్. మిషన్ చెడితే నెలల కొద్ది అట్లనే పడి ఉంటది, అడిగేటోడు లేడు. అమ్మితే అమ్మనియ్యున్రి. గని మేమెట్ల బతకాల్నో ఎవలన్నా ఆలోచించిన్రా?" అన్నాడు. సారు చాయ్ తాగి లేచారు. వెళ్తూ వెళ్తూ నాతో, "మీ బాపు రెండు దిక్కులదీ చెప్పిండు. రేపు క్లాసుల గదే చెప్పు" అన్నారు. మర్నాడు అదే చెప్పాను.

మిల్లు అమ్మేశారు. బాపు కిరాయి ఆటో నడపడం మొదలుపెట్టాడు. బస్సు దిగిన సారు, నడిచిపోయేంత దూరానికి కూడా రోజూ బాపు ఆటోనే ఎక్కేవారు. బాపు రావడం ఆలస్యమైతే ఎండలో నిలబడి ఎదురుచూసేవారు. అడిగితే మోకాళ్ల నొప్పులనేవారు. కాలేజీ మెట్లు మాత్రం గబగబా ఎక్కేవారు! మా ఇంటి కోసం ఆయన పక్కకు తీసిన గుప్పెడు అదేనని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. అప్పటికి సారు లేరు.

ఈ రోజు స్టాఫ్‌రూమ్‌లో టీవీ ముందు నుంచి లేచి, గేటు దగ్గర సంచెడు పల్లికాయలు కొన్నాను. క్లాసులో బల్ల మీద కుమ్మరించే ముందు గుప్పెడు తీసి పక్కన పెడుతుంటే, ముందు బెంచీ అమ్మాయి, "మేడం, గవి ఎవరికి?" అని అడిగింది.

"ఇంకా తెలువదు బిడ్డా" అన్నాను. "ముందు సర్కారును రానియ్యి. ఎవరికి అందలేదో చూద్దాం."