కొంగున కట్టిన ఖుబానీ

గర్భిణి అయిన చెల్లి అడిగిందని కశ్మీర్ నుంచి తాజా ఖుబానీ పండ్లు మణుగూరుకు తీసుకెళ్తున్నాను. సారపాక దాటాక రోడ్డు మీద చెట్టు కూలి బస్సు ఆగిపోయింది. ఉక్కకు పండ్లు మెత్తబడుతుంటే నాకు కాలు నిలవలేదు.

పక్క సీట్లోని కోయ అవ్వ చూసి, "గింజలు తీసి, చక్కెరేసి ఉడకబెడితే ఆగుతయ్ బిడ్డా" అంది. రోడ్డు పక్క చాయ్ హోటల్ పొయ్యి మీద తనే కలియబెట్టింది.

రుచి చూడమన్నాను.

"కొత్త పండు దేవతకు పెట్టందే మేం తినం" అంటూ ఉడకబెట్టకుండా ఉంచిన ఒక పండును కొంగున కట్టుకుంది.

"ఇది మీ అడవిలో పండేది కాదు కదా అవ్వా!"

"అయితే ఏంది? మా చేతికొచ్చింది గద."

దారి తెరుచుకుంది. ఉడికిన పండ్లు పోసిన వేడి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చెల్లి తినేదాకా నేనూ రుచి చూడలేదు.