మూడు కప్పుల గహ్వా

ప్రపంచ కప్ కోసం దోహాలో స్టేడియాలు లేస్తున్న రోజులవి. అల్ వుకైర్ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న కరీంనగర్ మనిషి, ఒక ముసలి షేక్ ఇంట్లో అతిథులకు అరబ్బు కాఫీ గహ్వా పోసేవాడు.

"మొన్న బ్రిటన్ సర్కార్ల పెద్దమనిషొకాయన మా ఇంటికొచ్చిండన్నా," అన్నాడు. "మా షేక్ చిన్నగున్నప్పుడు ఈడ బ్రిటిషోళ్ళదే పెత్తనమట, వాళ్ళ ఆఫీసరొస్తే సగం కప్పు తాగి, హుకుం చేసి లేచిపోయెటోడట. ఈయన మూడు కప్పులు తాగిండు. ఒంటెలు మంచిగున్నయా అని గూడ అడిగిండు."

"ఎందుకంత మర్యాద?"

"గ్యాస్ గావాలె గద."

"మరి షేక్ సంతోషించాడా?"

"మంచిగనే నవ్విండు. కారు కదిలినంక నన్ను పిలిచి, నిజంగ పోయిండా, గేటు దాంక పోయి చూసి రా అన్నడు."

తర్వాతి స్టాపులో అతను దిగిపోయాడు. టీవీలో విదేశీ నాయకుల కరచాలనాలు చూపిస్తే, నేనిప్పటికీ సాగనంపేవాళ్ళ ముఖాలే చూస్తాను.