మద్రాసు అమ్మాయి, బెంగళూరు అక్క

పొద్దున్నుంచి ఫోన్‌లో అక్క పేరు పక్కన పచ్చచుక్క వెలగలేదు. ఏడాదికోసారి చేయించుకునే పరీక్ష రిపోర్టు ఇవాళే ఇస్తారు. మోకాలికి కట్టుతో కదలలేక హఫీజ్‌పేట్‌లో నేను, మణికొండ నుంచి దవాఖానకు ఒక్కతే అక్క. అలా చూస్తుంటే ఫోన్‌కు దిష్టి తగులుతుందని మా ఆయన వేళాకోళం. నేను మాత్రం చల్లారిన కాఫీ పక్కకు నెట్టి మళ్లీ ఫోనే చూస్తున్నాను.

అక్క అంటే తోబుట్టువు కాదు. తొంభైల చివర్లో, మాదాపూర్‌లో అద్దాల మేడల కోసం ఇంకా బండలు పేలుస్తున్న రోజుల్లో, డేటా ఎంట్రీ ఆఫీసులో పని ముగించుకుని పక్కనే ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లేదాన్ని. ప్లైవుడ్ చెక్కలు అడ్డుపెట్టిన నాలుగు అరలు, గుర్రుమనే ఒక ఫ్యాను. చాటింగ్‌లో ఊరూ పేరూ నిజం చెప్పకూడదని ఆఫీసులో పెద్దవాళ్ల హితబోధ. అందుకని కాకినాడ నుంచి వచ్చి బోరబండలో కిరాయికి ఉంటున్న నేను మద్రాసు అమ్మాయినయ్యాను. మా మేడ మీది సముద్రపు గాలి గురించి తెగ కోతలు కోసేదాన్ని. అవతల పరిచయమైనావిడ తనది బెంగళూరు అంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ మూడు నెలలపాటు కూరల దగ్గర్నుంచి కన్నీళ్ల దాకా చెప్పుకున్నాం. ముఖం తెలియకపోవడం వల్లనే అంత ధైర్యం కాబోలు.

ఒక సాయంత్రం ఆవిడ రాసింది: "రొమ్ముల గడ్డ ఉన్నది. రేపు రిపోర్టు. ఇంట్ల ఎవలకు చెప్పలే. పోబుద్ధి అయితలేదు." వెళ్లమని బతిమాలుతూ టైపు చేస్తుండగా బయట ఈల మోగింది, ఎర్రజెండా పట్టి రోడ్డు ఆపేవాళ్ల ఈల. తెర మీద అక్షరాలు పడ్డాయి: "జర ఆగు, ఈల ఊదిన్రు, బండ పేలుస్తరు." బెంగళూరులో ఉన్నావిడకు మాదాపూర్ ఈల ఎలా వినిపించింది? ఆలోచన తెమిలేలోగా బండ పేలింది, కరెంటు పోయింది, తెర నల్లబడింది. ఆ చుట్టుపక్కల అలాంటి సెంటర్లు ఇంకో మూడున్నాయి. ఆవిడ వాటిలో ఉందో, ఇక్కడే ఉందో గాని, లేచి వెళ్లిపోయిందంటే రేపు దవాఖానకు పోదు. సిగ్గు విడిచి నిలబడి, "మద్రాసు అమ్మాయిని నేనేనండీ" అన్నాను. గొంతు పెంచి మళ్లీ అన్నాను. చివరి అరలో కుర్చీ కదిలింది. టిఫిన్ డబ్బా సంచి గుండెకు హత్తుకుని, నాకంటే పదేళ్లు పెద్దావిడ బయటికొచ్చింది. "గిదేనా నీ సముద్రం?" అని నవ్వబోయి ఏడ్చేసింది. మర్నాడు దవాఖాన బల్ల మీద ఆవిడ నా మణికట్టు వదల్లేదు. గడ్డ చెడ్డదే, కాని వేళకే దొరికిందన్నారు. వైద్యం సాగినన్నాళ్లూ, ఆ తర్వాత ఏటా, రిపోర్టు కోసం ఇద్దరం కలిసే కూర్చున్నాం, ఇవాళ తప్ప.

ఇదిగో, చుక్క వెలిగింది. అక్క ఏదో టైపు చేస్తోంది. ఈల మోగాక బండ పేలేదాకా పట్టే ఆ నిమిషం, ఇన్నేళ్లలో ఒక్క పిసరు కూడా కురచ కాలేదు.