అట్టలక్క బల్లలెక్క

కొత్త పుస్తకాలు దిగిన రోజు అట్టలక్కని కదిలించకూడదని గ్రంథాలయంలో అందరికీ తెలుసు. ఆ సోమవారం పొద్దున్నే ఏడు అట్టపెట్టెలొచ్చాయి. ఆవిడ జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, కత్తెరతో మొదటి పెట్టె టేపు కోసి, పైనున్న పుస్తకం తీసి ముందు వాసన చూసింది. తర్వాత మధ్యకి తెరిచి, బొటనవేలితో నొక్కి, కుట్టు చూసింది. "జిగురు తక్కువేశారు. ఏడాది తిరక్కుండా కాగితాలు రాలతాయి," అని తనలో తాను అనుకుని పక్కన పెట్టింది. పేరేంటో, రాసిందెవరో అప్పటికింకా చూడనేలేదు.

పుస్తకాలకి అట్టలేస్తుంది కాబట్టి అట్టలక్క అయింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. వయసు నలభై తొమ్మిది. మనిషి పొట్టి, నడక చురుకు, మాట ఇంకా చురుకు. పదహారేళ్లకే అచ్చాఫీసులో బైండింగు విభాగంలో చేరి, పంతొమ్మిదేళ్లు కాగితాలు మడిచి, కుట్టి, జిగురు పూసి, అంచులు కోసి పుస్తకాలు చేసింది. కాగితాల మడతలు నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి గోరు రేకులా చదునైపోయింది. ఆ పనులన్నీ ఒక్కటే చేసే యంత్రం వచ్చాక విభాగం మూసేశారు. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుంది. ఆ ఎనిమిది నెలల్లో ఇంట్లో చిరిగినవన్నీ, చివరికి పక్కింటివాళ్ల గొడుగు కూడా, కుట్టేసిందని ఆవిడ భర్త చెప్పి నవ్విస్తుంటాడు.

అప్పుడు గ్రంథాలయంలో అటెండరు ఖాళీ ఉందని తెలిసి వెళ్లింది. పదహారు మంది వచ్చారు. అప్పటి లైబ్రేరియన్ పెద్దాయన ప్రతి ఒక్కరి చేతిలోనూ నడుము విరిగిన ఒక లావుపాటి నిఘంటువు పెట్టి, "దీన్నేం చేద్దామంటారు?" అనడిగాడు. పారేద్దామన్నారు కొందరు, టేపేద్దామన్నారు ఇంకొందరు. ఈవిడ మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "సూది, దారం, రెండ్రోజులు కావాలండీ," అంది. ఉద్యోగం ఎవరికొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. పదమూడేళ్లుగా ఆవిడ ఆ భవనానికి తలలో నాలుక.

ఆ సోమవారం వచ్చిన పుస్తకాలు నూట నలభై. అందులో నూట పద్దెనిమిది కథలూ నవలలూ కానివి: తేనెటీగల పెంపకం, వంతెనలు ఎలా నిలబడతాయి, నిద్ర ఎందుకు పట్టదు, ఇంట్లో కరెంటు పనులు, నక్షత్రాలు, మూత్రపిండాలు. మిగతా ఇరవై రెండూ కవిత్వం. అన్నిటికీ ముద్రలు కొట్టి, నంబర్లేసి, వెన్ను మీద చీటీలంటించి, బుధవారం మధ్యాహ్నానికి బల్ల మీద వరసగా పేర్చింది. పేర్చాక అసలు చిక్కు కనపడింది. పెట్టడానికి అరలు లేవు.

లైబ్రేరియన్ అప్పటికి ఏడు నెలల క్రితం వచ్చిన కొత్త మనిషి. ముప్ఫై ఏళ్లుంటాయి. మంచిది, కష్టపడుతుంది. కాకపోతే కంప్యూటరులో అంకె కనపడితే తప్ప నమ్మదు. ఆవిడ ఒక కాగితం పట్టుకుని వెనకగదిలోకి వచ్చింది.

"అక్కా, కవిత్వం అర ఖాళీ చేసేద్దాం. పోయినేడు నలభై పుస్తకాలొచ్చాయి. రెండే రెండు ఎవరో ఇంటికి తీసుకెళ్లారు. మిగతా ముప్ఫై ఎనిమిదీ సున్నా. ఒక్కసారి కూడా కదల్లేదు. వాటిని పైగదిలో పెట్టిస్తే తేనెటీగలకీ వంతెనలకీ చోటొస్తుంది. ఈ కొత్త ఇరవై రెండు కూడా నేరుగా పైకే."

పైగది అంటే తాళం వేసి ఉండే గది. కావాలని చీటీ రాసిస్తే ఎవరో ఒకరు వెళ్లి తెస్తారు. ఈ పదమూడేళ్లలో అలా చీటీ రాసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడికెళ్లిన పుస్తకం వెళ్లినట్టే.

అట్టలక్క ఆ కాగితం తీసుకుంది. "రేపు పొద్దున దాకా టైమివ్వండి మేడమ్. దించి, దుమ్ము దులిపి చూస్తాను," అంది. ఆ మాటలో వాదన లేదు. అప్పటికి ఆవిడకి వాదించాలనీ లేదు. తను చేతులారా వేల పుస్తకాలు కుట్టింది గానీ కవిత్వం జోలికి ఎప్పుడూ పోలేదు. ఎవరూ చదవనివి పైకెళ్తే వాటికొచ్చే నష్టమేముందని అనుకుంది కూడా.

కానీ మొదటి పుస్తకం చేతిలోకి తీసుకోగానే చెయ్యి ఆగిపోయింది. రెండోది తీసింది, మూడోది తీసింది. స్టూలు లాక్కుని కూర్చుని ముప్ఫై ఎనిమిదీ ఒక్కొక్కటే తెరిచి చూసింది.

మర్నాడు లైబ్రేరియన్ రాగానే వెనకగదికి పిలిచింది. కొత్త పెట్టెలోంచి వచ్చిన ఒక పుస్తకం, పైకెళ్లాల్సిన వాటిలోంచి ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టింది.

"ఈ కొత్తది మధ్యకి తెరిచి వదలండి మేడమ్."

లైబ్రేరియన్ తెరిచి వదిలింది. పుస్తకం టప్పున మూసుకుపోయింది.

"ఇప్పుడు ఆ రెండోది."

అది తెరిచినచోట తెరిచినట్టే పడుకుంది.

"ఎవరూ ముట్టుకోని పుస్తకం వెన్ను బిగదీసుకుని ఉంటుంది. పది మంది విప్పితేనే ఇలా లొంగుతుంది. కింది మూలలు చూడండి, పేజీ తిప్పే చోట మెత్తబడిపోయాయి. ముప్ఫయ్యారో పేజీ దగ్గర వెన్ను మీద గీత పడింది. అంటే అక్కడెవరో చాలాసేపు ఆగారు, ఒక్కసారి కాదు. ముప్ఫై ఎనిమిదిలో ముప్ఫై ఒకటి ఇలాగే ఉన్నాయి. మీ కంప్యూటరు సున్నా అంటోంది, పుస్తకం కాదంటోంది. పుస్తకం ఎందుకు అబద్ధమాడుతుంది చెప్పండి?"

లైబ్రేరియన్ నవ్వలేదు, కొట్టిపారేయలేదు. పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. "మీకు కనిపిస్తోంది సరే అక్కా. కానీ పెద్దాఫీసుకి నేనేమని రాయను? పుస్తకాల నడుము చూశామని రాయలేను కదా. దులిపేటప్పుడో, సర్దేటప్పుడో అలా అయ్యాయంటే?"

"దులిపేదీ సర్దేదీ నేనేగా," అంది అట్టలక్క. "నా మాట నమ్మొద్దు. లెక్కపెడదాం. ఇంటికి తీసుకెళ్లినవే కంప్యూటరుకి తెలుసు. ఇక్కడే కూర్చుని చదివి అరలో పెట్టేసి వెళ్లినవాటికి లెక్కేది? రెండు వారాలు నాకొదిలేయండి. చదివినవి బల్లల మీదే వదిలేయమని బోర్డు పెడతాను. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసుకుంటాను. రెండు వారాల తర్వాత కూడా సున్నా అయితే ఆ పుస్తకాలు నేనే నెత్తిన పెట్టుకుని పైకి మోస్తాను."

లైబ్రేరియన్ ఒప్పుకుంది. "కానీ లెక్క లెక్కే అక్కా. ఊహలు రాయకూడదు."

"కుట్టే చేత్తో ఊహలు రాయను మేడమ్," అంది అట్టలక్క.

అదే రోజు బోర్డు పెట్టింది. గళ్ల నోటుబుక్కు ఒకటి తీసి తేదీ, పుస్తకం నంబరు, ఎన్నిసార్లు అని గీతలు గీసుకుంది. తేనెటీగలూ వంతెనలూ తాత్కాలికంగా కిటికీ అరుగు మీదికెక్కాయి.

మొదటి మూడు రోజులూ ముక్కు మీద గుద్దినట్టయింది. బల్లల మీద దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు, నక్షత్రాల పుస్తకం దొరికాయి గానీ, కవిత్వం మొదటి రోజు ఒకటి, రెండో రోజు అదీ లేదు, మూడో రోజు రెండు. నోటుబుక్కు చూసి లైబ్రేరియన్ దాన్ని మెల్లగా మూసి బల్ల మీద పెట్టింది. ఆ మెల్లదనమే అట్టలక్కకి గుచ్చుకుంది.

ఇంటికెళ్లి భర్తతో చెప్పింది. ఆయన గోడలకి రంగులేసే మేస్త్రీ. బ్రష్షులు కడుక్కుంటూ విన్నాడు.

"నిన్నొకటి అడుగుతాను, నవ్వొద్దు," అంది. "నువ్వు కవిత్వం పుస్తకం చదువుతున్నావనుకో. చదివాక బల్ల మీద వదిలేసి వస్తావా?"

"నేనా? చస్తే వదలను," అన్నాడాయన. "మా కుర్రాళ్లెవరైనా చూశారంటే ఇంకేమైనా ఉందా? మేస్త్రీ ఎవర్నో ప్రేమిస్తున్నాడని నిచ్చెన దిగేలోపు ఊరంతా టముకేస్తారు. ఎవరికీ కనపడకుండా ఎక్కడో దోపేసి వస్తాను."

"ఎక్కడ దోపుతావు?"

"ఎవరూ చెయ్యి పెట్టని చోట. మర్నాడెళ్తే నాకు దొరకాలి కదా మరి."

అట్టలక్క లేచి కంచం పెట్టుకుంది. అంత ధీమాగా ఆవిడ అన్నం తిని చాలా రోజులైందని ఆయనే తర్వాత చెప్పాడు.

మర్నాడు తలుపులు తెరవకముందే ఆవిడ హాలంతా గాలించింది. ఎవరూ చెయ్యి పెట్టని చోట్లన్నీ ఆవిడకి కొట్టినపిండి. పాత వార్షిక నివేదికల వెనక రెండు కవిత్వం పుస్తకాలు దొరికాయి. పన్నుల చట్టాల బీరువాలో, లావుపాటి సంపుటాల మధ్య మూడు. పెద్ద అట్లాసు కింద ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. పశువైద్యం అరలో ఒకటి, దాని ముప్ఫయ్యారో పేజీలో బస్సు టికెట్టు. ఏదీ తీయలేదు. లైబ్రేరియన్ వచ్చేదాకా ఆగి, చెయ్యి పట్టుకుని ఒక్కో చోటికీ తీసుకెళ్లి చూపించింది.

అట్లాసు ఎత్తి చూసి లైబ్రేరియన్ పక్కున నవ్వింది. "ఇదేంటక్కా, దొంగసొమ్ము దాచినట్టు దాచుకున్నారు."

"వాళ్ల దృష్టిలో సొమ్మే కదా మేడమ్. బోర్డు లేనప్పుడు అరలోనే పెట్టేసేవాళ్లు. ఇప్పుడు బల్ల మీద వదల్లేక, ఇంకొకరు ఎత్తుకుపోకుండా దాచుకున్నారు. వీటినీ రాసుకోవచ్చా?"

"రాసుకోండి. నేనూ పక్కన సంతకం పెడతాను."

అప్పట్నుంచి రోజూ రెండు పూటలా దాచిన చోట్లు కూడా లెక్కలోకొచ్చాయి. పుస్తకాలు ఏ చోటివి ఆ చోటే ఉంచేది. లోపల సన్నటి దారప్పోగు పెట్టి, అది చెదిరితేనే మళ్లీ గీత పెట్టేది. దాచుకున్నవాళ్ల మనసు కష్టపెట్టడం ఆవిడకిష్టం లేదు. రెండో వారంలో ఒకరోజు పన్నుల చట్టాల బీరువా దగ్గర నిలువెత్తు మనిషొకడు ఎదురుపడ్డాడు. కూడలిలో వాహనాలు ఆపే కానిస్టేబులు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చాడు. చట్టాల సంపుటం వెనక నుంచి పల్చటి పుస్తకం తీసి, ఆవిణ్ని చూసి, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"తీసుకోండి బాబూ. నేనేమీ అనను," అంది అట్టలక్క. "ఒకటడుగుతాను. ఇంటికి తీసుకెళ్లొచ్చు కదా? కార్డుందిగా మీకు."

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "రోజంతా ఈలే వింటానమ్మా. ఇక్కడికొచ్చి ఇది ఓ అరగంట చదివితే చెవుల్లో హోరు తగ్గుతుంది. ఇంటికి తీసుకెళ్తే ఇదేంటి, ఎందుకు, ఏమైంది నీకు అంటారు. ఇక్కడైతే ఎవరూ అడగరు."

"నేనడిగాగా," అంది ఆవిడ.

"మీరడిగింది పుస్తకం గురించి," అన్నాడాయన. చిన్నగా నవ్వి కిటికీ దగ్గర కుర్చీలోకెళ్లి కూర్చున్నాడు.

ఆవిడ నోటుబుక్కులో ఆ పుస్తకం ఎదురుగా గీత పెట్టింది. ఆయన ఎవరో రాయలేదు. అడిగినా చెప్పేది కాదు.

రెండు వారాలయ్యాక ఇద్దరూ కూర్చుని కూడారు. ముప్ఫై ఎనిమిది పుస్తకాల్లో ముప్ఫై ఒకటి అరలోంచి కదిలాయి, మొత్తం తొంభై ఆరుసార్లు. లైబ్రేరియన్ రెండోసారి కూడింది. మళ్లీ తొంభై ఆరే. పక్క అరలో ఉన్న ఆరోగ్యం పుస్తకాలు, కంప్యూటరు లెక్కలో అన్నిటికన్నా ముందున్నవి, బల్లల మీద అంతకన్నా తక్కువ దొరికాయి.

"మొదటి రోజు మీరు ముప్ఫై ఒకటన్నారు," అంది లైబ్రేరియన్ నెమ్మదిగా.

"వెన్నులు చూసి చెప్పాను మేడమ్."

"మిగతా ఏడూ?"

"ఆ ఏడూ ఎవరూ ముట్టుకోలేదు. వాటిని పైకి పంపేద్దాం. లెక్క లెక్కేనన్నారుగా," అంది అట్టలక్క. అన్నట్టే ఆ ఏడు పుస్తకాలూ తనే మోసుకెళ్లి పైగదిలో పెట్టి వచ్చింది. వచ్చేటప్పుడు మాత్రం ఖాళీ చేతుల్తో రాలేదు. ఏ అర దేనికి ఖాళీ చేయాలో దారిలోనే ఆలోచించుకుని వచ్చింది.

"మేడమ్, ఆ పాత వార్షిక నివేదికలు నాలుగు అరలు తింటున్నాయి. వాటి వెనక దాచుకోవడానికి తప్ప వాటితో ఎవరికీ పని పడలేదు. అవి పైకెక్కిస్తే తేనెటీగలూ వంతెనలూ హాయిగా సర్దుకుంటాయి. కొత్త కవిత్వం ఇరవై రెండూ పాతవాటి పక్కనే పెట్టొచ్చు."

"మరి దాచుకునేవాళ్లు ఎక్కడ దాచుకుంటారు?" అంది లైబ్రేరియన్ నవ్వుతూ.

"పన్నుల చట్టాలున్నాయిగా. వాటికేం ఢోకా లేదు."

శనివారం సాయంత్రానికి నూట నలభై పుస్తకాలూ అరలెక్కాయి. జిగురు తక్కువైన వాటికి అట్టలక్క ముందే దారం కుట్టు వేసేసింది. ఆ తర్వాత వారంలో కొత్త కవిత్వంలో అయిదు అప్పుడే బల్లల మీదికొచ్చాయి. తేనెటీగల పుస్తకం కోసమైతే ముగ్గురు వరసలో ఉన్నారు.

లైబ్రేరియన్ పెద్దాఫీసుకి రాసిన ఉత్తరంలో పుస్తకాల నడుముల సంగతి కూడా రాసింది. మొత్తం కథంతా దాచకుండా రాసి, నోటుబుక్కు నకలు జతచేసింది. నెలన్నరకి జవాబొచ్చింది. ఇకమీద ఏ శాఖలోనైనా పుస్తకాన్ని పైకి పంపేముందు బల్ల మీద లెక్క కూడా చూడాలని, ఆ లెక్క ఎలా రాయాలో నేర్చుకోవడానికి నాలుగు శాఖల అటెండర్లు వస్తున్నారని అందులో ఉంది. కింద రాసిన మాట లైబ్రేరియన్ బయటికి చదివింది: "శిక్షణ ఇచ్చేవారు: మీ శాఖ అటెండరు."

"మాట్లాడాలా నేను?" అంది అట్టలక్క.

"భయమా?"

"దేనికి? ఎనిమిదో తరగతి చదివినదాన్ని నేర్పమన్నారంటే నా దగ్గరున్నది వాళ్ల దగ్గర లేదనేగా. నాలుగు కొత్త పుస్తకాలు, నాలుగు నలిగిన పుస్తకాలు పెట్టించండి చాలు. ఉపన్యాసం నాకు రాదు, పుస్తకం విప్పడం వచ్చు."

వాళ్లు బుధవారం వచ్చారు, ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. వెనకగదిలో బల్ల చుట్టూ నిలబెట్టి, తలో పుస్తకం చేతికిచ్చి, మధ్యకి విప్పి వదలమంది. వాళ్లలో పెద్దవాడు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాయన, తన పుస్తకం మూసుకోకుండా పడుకోవడం చూసి, "ఇరవై ఏడేళ్లుగా పుస్తకాలు సర్దుతున్నాను, ఇది నేనెప్పుడూ చూళ్లేదమ్మా," అన్నాడు.

"చూసే ఉంటారన్నయ్యా. ఎవరూ అడగలేదంతే," అంది అట్టలక్క. అందరికీ తలో నోటుబుక్కూ ఇచ్చి, ముందు హాల్లో ఎక్కడెక్కడ వెతకాలో చూపించడానికి బయల్దేరదీసింది.