సత్తెమ్మకు చెప్పిన సువార్త

1999 వేసవిలో మా సంఘం సత్తెమ్మకు సువార్త ప్రకటించింది. అందుకు వెళ్లిన బృందంలో నేనూ ఉన్నాను కాబట్టి, ఈ సంగతి చెప్పే హక్కూ సిగ్గుపడే బాధ్యతా రెండూ నావే.

సత్తెమ్మది పాలమూరు వైపు. మొగుడితో కలిసి రాయదుర్గం గుట్టల దగ్గర కంకర కొట్టడానికి వచ్చింది. అప్పట్లో మా చర్చి అంటే నాలుగు ఇనప స్తంభాల మీద రేకుల కప్పు, కింద ఈత చాపలు. చెప్పులు బయట విడిచి మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చునేవాళ్లం. ఆమె మొగుడికి కామెర్లు ముదిరితే మా పాస్టరు ప్రసన్నరావుగారు మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించారు. మొగుడు పోయాడు. ఇక పాస్టరుగారు మొహం చెల్లక ఆ గుడిసె వైపు పోరనుకున్నాం. ఆయన మాత్రం రోజూ వెళ్లి, ఏం చెప్పాలో తోచక, ఊరికే కాసేపు కూర్చుని వచ్చేవారు. నలభై రోజులు తిరక్కుండా సత్తెమ్మ చర్చికి వచ్చింది.

"ప్రార్థన ఫలించలేదు కదా, మరి ఎందుకొస్తున్నావు?" అని నేనే అడిగాను. పంతులమ్మను, ప్రశ్నలడగడం అలవాటు.

"సచ్చినంక గూడ వచ్చిండు గద టీచరమ్మా. అయిపోయినంక ఎవలొస్తరు?" అంది.

దుర్గం చెరువులో బాప్తిస్మమిచ్చి ఆమెకు శారమ్మ అని పేరు పెట్టారు. శారమ్మా అని పిలిస్తే వెనక్కి తిరిగి ఎవరినో వెతికేది. ఆ పేరు సంఘం రిజిస్టరులో భద్రంగా ఉండిపోయింది, మనిషి సత్తెమ్మగానే తిరిగింది.

నిజం చెప్పాలంటే ఆమెకు ఒక్క బైబిలు వాక్యం కంఠతా రాలేదు. పాటలో అందరికంటే ఒక మాట వెనక ఉండేది. కానీ గుడిసెల్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి బిడ్డ పోయినా, వెళ్లి పక్కన కూర్చునేది. లేచేటప్పుడు "ఆయితారం మా గుడికి రారాదూ. చాపుంది, కూసుందువు" అనేది. ఆమె సువార్త మొత్తం అంతే. నాలుగేళ్లలో చాపలు చాలక కొత్తవి కొనవలసి వచ్చింది. అదంతా తన ప్రసంగాల మహిమ అని పాస్టరుగారు అనుకున్నారు. స్త్రీల సమాజం నడిపే తీరు బాగుండడం వల్ల అని కార్యదర్శినైన నేను అనుకున్నాను.

ఇంతలో మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద భవనం లేచింది. దాని వెంట కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు వచ్చారు. కోస్తాలో భక్తిగల ఇళ్లలో పెరిగినవాళ్లు, మంచి పిల్లలే. వాళ్ల చలవతో రేకులు పోయి స్లాబు పడింది, చాపలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అందరం దేవుణ్ణి స్తుతించాం.

సత్తెమ్మకు కావలసిందల్లా స్తంభం పక్కన మూడు జానల చోటు. మొదటి ఆదివారం అలవాటుగా కింద కూర్చుంది. నడవకు అడ్డమని లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. పనిలోంచి నేరుగా వచ్చిందేమో, చీరంతా రాతిపొడి. పక్కనున్నావిడ కొత్త గద్వాల చీర సర్దుకుని ఒక కుర్చీ అవతలికి జరిగింది. ఆవిడ నాకు బాగా తెలుసు. ఆ గద్వాల చీర ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

మరుసటి ఆదివారం సత్తెమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. ఆపై వారం నుంచి రాలేదు. వెతకడానికి మాలో ఎవరికీ తీరిక లేదు. సువార్తే సంఘానికి మొదటి పని అని ఆ నెలలోనే తీర్మానం చేసుకున్నాం మరి. తీర్మానానికి ఒక కమిటీ, కమిటీకి ఒక పటం, పటంలో బస్తీలకు ఎర్ర చుక్కలు. చదువురాని కూలీలకు పంచడానికి రంగుల కరపత్రాలు కూడా అచ్చు వేయించాం.

రాయదుర్గం గుడిసెలు మా బృందం వంతుకు వచ్చాయి. షారోన్ అని కంప్యూటరు కంపెనీ అమ్మాయి ముందు నడుస్తోంది, ఎండకు గొడుగు పట్టుకుని నేను వెనక. ఓ గుడిసె ముందు తాటాకు పందిరి కింద ఐదారుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మధ్యలో సత్తెమ్మ. వాళ్లు కూర్చున్న చాప మీద అరచేతంత కాలిన మచ్చ ఉంది. క్రిస్మస్ కొవ్వొత్తి పడి కాలిన మచ్చ అది, కొవ్వొత్తి నా చేతిలోంచే పడింది. కుర్చీలొచ్చిన రోజు గోడ వెనక పారేసిన చాపలను ఆమె మోసుకొచ్చుకుంది.

"అమ్మా, మీరు యేసుప్రభువు గురించి ఎప్పుడైనా విన్నారా అండీ?" అని షారోన్ ఎంతో మర్యాదగా అడిగింది.

నేను నోరు తెరవబోయాను. సత్తెమ్మ వద్దన్నట్టు నా వంక చూసింది.

"చెప్పు బిడ్డా, ఇంటం" అంది.

అమ్మాయి పావుగంట చెప్పింది. సత్తెమ్మ తలూపుతూ, పక్కవాళ్లను కూడా వినమని సైగ చేస్తూ వింది. చివర షారోన్ కాగితం మీద ఆమె పేరు రాసుకుని, ఆదివారం తప్పక రమ్మంది.

"కూసోనీకి జాగ ఉంటదా?"

"మూడొందల కుర్చీలున్నాయండీ."

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరుందని సత్తెమ్మకూ నాకూ తెలుసు. ఆమె తిడితే బాగుండునని నిజంగా కోరుకున్నాను. ఆమె తన చీర చెరగుతో చాప దులిపి, పక్కకు జరిగింది.

"ఎండల నిలబడ్డవు టీచరమ్మా. రా, కూసో."

చెప్పులు విడిచి కూర్చున్నాను. స్లాబు వేసినప్పటి నుంచి చెప్పులతోనే చర్చిలోకి వెళ్తున్నానని అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగి వస్తుంటే షారోన్ తన కాగితం చూపించింది. 'మొదటిసారి సువార్త విన్నవారు' అన్న శీర్షిక కింద మొదటి పేరు సత్తెమ్మది. అది కొట్టేసి అక్కడ నా పేరు రాయమన్నాను. నేను హాస్యమాడుతున్నాననుకుని ఆ అమ్మాయి నవ్వి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.