జీన్ చేతికిచ్చిన ఓటు

మా సిస్టర్ గారు పోయారన్న కబురు నాకు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. పొద్దున్న ఏడింటికి, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ తలుపు దగ్గర కూర్చుని డ్యూటీకి బూట్లు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. అవతల ఒక ముసలావిడ ఇంగ్లీషు గొంతు. తన పేరు జీన్ అని చెప్పింది. ముందు రోజు సాయంత్రం టీ తాగుతూ కుర్చీలోనే వెళ్లిపోయారట. కప్పు కింద పడలేదట, సాసర్‌లో పెట్టాకే తల వాల్చారట. ఆ సంగతి జీన్ రెండుసార్లు చెప్పింది.

ఆ రోజు డ్యూటీకి వెళ్లలేదు. చాలాసేపు ఏడ్చాను. ఏడుపు తగ్గాక మనసులో మిగిలింది ఊరట అని చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. ఆవిడ మా పక్క వాటాలో ఒంటరిగా పోలేదు, జీన్ ఇంట్లో పోయారు. మూడేళ్ల కిందటైతే ఆ గుమ్మం తొక్కడం కూడా ఆవిడకి సాధ్యమయ్యేది కాదు. అది ఎలా సాధ్యమయిందో తెలిసినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను.

మా తెలుగు చర్చిలో ఆవిడని అందరూ సిస్టర్ గారనే పిలిచేవారు. చర్చికొచ్చే ఆడవాళ్లం అందరం సిస్టర్లమే అనుకోండి, కానీ ఆవిడ ఇంకో రకంగా కూడా సిస్టరే. ఇంగ్లండ్‌లో ఒక వార్డు మొత్తాన్ని నడిపే పెద్ద నర్సుని అలా అంటారు. ఒంగోలు నుంచి చిన్న వయసులో నర్సింగ్ చదవడానికి ఆ దేశం వెళ్లి, ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ఇరవై ఏళ్లకి పైగా పనిచేశారు. అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. డల్లాస్‌లో ఒక ఆస్పత్రి వాళ్లు అనుభవం ఉన్న నర్సులు కావాలని అడిగితే, యాభై దాటిన వయసులో పెట్టె సర్దుకుని టెక్సస్ వచ్చేశారు.

నేను గుంటూరులో నర్సింగ్ చదివి, పెళ్లయి ఇక్కడికొచ్చాను. లైసెన్స్ పరీక్ష మొదటిసారి తప్పాను. ఇంట్లో ముఖం చెల్లక మెట్ల మీద కూర్చుంటే, పక్క వాటాలోంచి ఆవిడ బయటికొచ్చి, ఏం తప్పావో పుస్తకం పట్టుకురా అన్నారు. ఆ రోజు నుంచి ఆరు నెలలు ఆవిడ డైనింగ్ టేబులే నా బడి. పుస్తకంలో ఉన్నది నేను గడగడా అప్పగిస్తుంటే మధ్యలో ఆపేవారు. "ముందు పరిచిన పక్క చూడమ్మాయ్, తర్వాత పేషెంట్‌ని చూడు. బాగానే ఉన్నానని మనిషి అబద్ధం చెప్తుంది. పక్క చెప్పదు" అనేవారు. పరీక్ష పాసయ్యాను. ఈ రోజుకీ ఏ గదిలోకి వెళ్లినా నా కళ్లు ముందు దుప్పటి మీదికే పోతాయి.

ఆవిడ కారు నడపడం చూస్తే మాకందరికీ నవ్వొచ్చేది. హైవే ఎక్కేవారు కాదు. చర్చికి పావుగంట దారి, ఆవిడ సందులన్నీ తిరిగి ముప్పావుగంటకి చేరేవారు. పాటలు అయిపోయి ప్రసంగం మొదలయ్యేటప్పటికి వెనక తలుపు మెల్లిగా తెరుచుకునేది. అందుకని హైవే మీదికి పోవాల్సిన పని ఏదున్నా నేనే డ్రైవ్ చేసేదాన్ని. పక్క సీట్లో కూర్చుని, కాళ్ల కింద తనకీ ఒక బ్రేకు ఉన్నట్టు తొక్కుతూనే ఉండేవారు.

ఒక ఆదివారం చర్చి నుంచి తిరిగొస్తుంటే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక ఫారం తీసి చూపించారు. ఇంగ్లండ్ వాళ్లు చట్టం మార్చారట. దేశం వదిలి అయిదేళ్లు దాటని పౌరులు ఇక నుంచి పార్లమెంటు ఎన్నికల్లో బయటి నుంచే ఓటు వేయొచ్చట. అయితే ఓటు పోస్టులో పంపడానికి లేదు. ఆ ఊళ్లో ఉన్న ఒక మనిషి పేరు రాసివ్వాలి. ఆ మనిషి మన తరఫున పోలింగ్ బూత్‌కి వెళ్లి, మనం చెప్పిన పేరుకి ఎదురుగా గుర్తు పెట్టాలి.

తెలిసినవాళ్లు బోలెడుమంది ఉండుంటారు కదా, ఎవరి పేరు రాస్తారని మామూలుగా అడిగాను. మా పార్కింగ్ లాట్‌లో కారు ఆపాక, దిగకుండా అలాగే కూర్చుని జీన్ సంగతి మొదటిసారి చెప్పారు.

జీన్ ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది. ఇద్దరూ ఒకే వీధిలో ఉండేవారు. ఇరవై ఏళ్లకి దగ్గరపడిన స్నేహం. జీన్ పిల్లలు సిస్టర్ గారి వంటింట్లో పప్పన్నం తిని పెరిగారు. అలాంటిది డెబ్భై తొమ్మిది చలికాలంలో ఆస్పత్రి కింది ఉద్యోగులు సమ్మె చేశారు. లాండ్రీ మూతపడింది. సిస్టర్ గారి వార్డులో దుప్పట్లు అయిపోయాయి. మాసినవి సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లి, బాత్‌టబ్‌లో తొక్కి ఉతికి, పొద్దున్నే మోసుకొచ్చేవారు. ఒక పెద్దావిడ, ఇంకో గంటలో పోతుందని అందరికీ తెలిసిన పేషెంట్, తడిసిన పక్క మీదే ప్రాణం వదిలింది. మార్చడానికి ఇంకొకటి లేదు. మర్నాడు సంచితో వస్తుంటే గేటు దగ్గర సమ్మె చేస్తున్నవాళ్లలోంచి జీన్ ముందుకొచ్చి, లోపలికి తీసుకెళ్లకు, ఇలా నువ్వే ఉతికేస్తుంటే మా మాట ఎవరు వింటారు అని బతిమాలింది. సిస్టర్ గారు అందరి ముందూ అనేశారు, మీకు మనుషులు చచ్చినా ఫరవాలేదు అని. జీన్ చేతులు బట్టల సోడా నీళ్లకి పగిలి ఉండేవని ఆవిడకి తెలుసు, ఆ పగుళ్లకి మందు రాసింది కూడా ఆవిడే. అయినా అన్నారు.

అంతటితో ఆగలేదు. ఆ వసంతంలో ఎన్నికలొచ్చాయి. అప్పటిదాకా ఇద్దరూ కార్మికుల పార్టీకే వేసేవారు. సిస్టర్ గారు ఈసారి అవతలి పార్టీకి వేసి, పనిగట్టుకుని జీన్ గుమ్మం దాకా వెళ్లి ఆ సంగతి చెప్పి వచ్చారు. ఆ తర్వాత నాలుగేళ్లు ఒకే వీధిలో, ఒకే ఆస్పత్రిలో, ఇద్దరికీ మాటల్లేవు. టెక్సస్ వస్తూ చెప్పి కూడా రాలేదు.

"ఇప్పుడు ఎవరి పేరు రాస్తారు?" అని మళ్లీ అడిగాను.

"జీన్ పేరే. నేను ఒకటి చెప్తే అది కాకుండా ఇంకొకటి చేయని మనిషి ఆ ఊళ్లో అదొక్కతే" అన్నారు.

ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. రాసింది మాత్రం అర పేజీ. క్షమాపణ అందులో పెట్టలేదు, ఫారంతో పాటు పంపితే ఓటు కోసం అడిగినట్టుంటుందని. మూడు వారాలకి జవాబొచ్చింది. సంతకం చేసిన ఫారం, దానికి పిన్నుతో గుచ్చిన చిన్న కాగితం. అందులో ఒకే ముక్క. గుర్తు ఎక్కడ పెట్టాలో చెప్పు, పెడతాను. ఎలా ఉన్నావని లేదు, ప్రేమతో అని లేదు.

ఎనభై ఏడు మే నెలలో ఎన్నికలు ప్రకటించారు. నెల రోజులు గడువు. ఆ నెలంతా ఆవిడ షార్ట్‌వేవ్ రేడియో వైరుని కర్టెన్ కడ్డీకి చుట్టి, చెవి ఆనించి వార్తలు వినేవారు. శనివారాలు నేను డల్లాస్ లైబ్రరీకి తీసుకెళ్తే, వారం ఆలస్యంగా వచ్చే అక్కడి పేపర్లు ముందేసుకుని మూడు పార్టీలవీ చదివేవారు. కార్మికుల పార్టీ ఆస్పత్రులకి ఎక్కువ ఇస్తామంటోంది. అధికారంలో ఉన్నది డెబ్భై తొమ్మిదిలో ఆవిడ వేసిన పార్టీయే. వాళ్ల హయాంలో వార్డులు మూసేస్తున్నారని పాత సహోద్యోగి ఒకావిడ ఉత్తరం రాసింది. అది చదివి ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇంకోపక్క, మళ్లీ సమ్మె వస్తే పేషెంట్ల గతేమిటని ఎవరూ చెప్పటం లేదని గొణుక్కునేవారు. ఒకరోజు ఇటు, ఒకరోజు అటు.

నాకు ఆ దేశం రాజకీయాలు ఏం తెలుసు? నేను ఆలోచించేది జీన్ గురించే. జీన్ పార్టీకి వేస్తే ఆవిడ సంతోషిస్తుంది, పాత గొడవ తీరిపోతుంది అనుకున్నాను. అది పైకి అనలేక, మధ్యలో మూడో పార్టీ ఉంది కదా, వాళ్లకి వేస్తే ఎవరికీ బాధ ఉండదు కదా అన్నాను.

పేపరు పక్కన పెట్టి నన్ను చూశారు. పరీక్షలో తప్పు జవాబు చెప్పినప్పుడు చూసిన చూపే. "ఎవరికీ బాధ లేకుండా ఉండటానికి ఓటెందుకమ్మాయ్? పిప్పరమెంట్లు పంచితే సరిపోతుంది" అన్నారు. తర్వాత కొంచెం మెత్తబడి, అప్పుడు నేను కోపంతో వేశాను, ఈసారి కోపం తీసేసి చూడాలి, అదే నా కష్టం అన్నారు.

ఎన్నిక ఇంకో పది రోజులుందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచారు. జీన్‌కి ఫోన్ చేస్తున్నానని, పక్కన కూర్చోమని. ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి మాట్లాడబోతున్నారు. మంచి చీర కట్టుకున్నారు.

అవతల ఎత్తగానే కుశలప్రశ్నలేవీ లేకుండా మొదలుపెట్టారు. "జీన్, గేటు దగ్గర నేనన్న మాట తప్పు. నీ గుమ్మం ముందుకొచ్చి ఓటు సంగతి చెప్పింది అంతకన్నా తప్పు. దీనికి జవాబు చెప్పొద్దు. ఇది ఒకటి. ఇప్పుడు రెండోది చెప్తాను. దానికీ దీనికీ సంబంధం లేదు." ఫోన్ రెండో చెవికి మార్చుకున్నారు. "ఓటు అధికార పార్టీకే వెయ్యి. కోపం అంతా తీసేసి చూశాను. అయినా అదే తేలింది."

అంతా చెడిందనుకున్నాను. సిస్టర్ గారు ఫోన్ తీగని వేలికి చుట్టుకుంటూ గోడకేసి చూస్తున్నారు. ఆ తర్వాత అవతలి నుంచి ఒక చిన్న శబ్దం, సరేనన్నట్టు. ఫోన్ పెట్టేసిన చప్పుడు నాక్కూడా వినిపించింది.

గురువారం ఎన్నిక. ఫలితం శుక్రవారం రేడియోలోనే తెలిసింది. దేశంలో అధికార పార్టీ గెలిచింది. ఆ ఊళ్లో ఎప్పటిలాగే కార్మికుల పార్టీ వేల ఓట్లతో గెలిచింది. ఆవిడ ఓటు వేసినా వేయకపోయినా లెక్కలో తేడా లేదు. ఆవిడకి కావలసింది ఆ కబురు కాదు. రోజుకి రెండుసార్లు కింద మెయిల్ బాక్స్ దగ్గరికి వెళ్లొచ్చేవారు. టపా వచ్చేది ఒకసారే అని తెలిసి కూడా. పులుసులో ఉప్పు రెండుసార్లు వేశారు. జీన్ అసలు బూత్‌కి వెళ్లకపోయినా తప్పు పట్టలేను, ఆ చేత్తో అది వేయమని నేనెలా అడిగాను అని ఒకసారి, వెళ్తుంది, అది వెళ్తుంది అని ఒకసారి.

పన్నెండో రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల కింద నిలబడి ఉన్నారు, ఉత్తరం విప్పకుండా. చదివిపెట్టమని నా చేతికిచ్చారు. ఆ కాగితం మీద రాత గుండ్రంగా, చిన్నపిల్లల రాతలా ఉంది.

నాకు రెండు బ్యాలెట్ కాగితాలిచ్చారు, అని రాసింది జీన్. ముందు నీది వేశాను. నా చెయ్యి వెనక్కి లాగింది. అందుకని గుర్తు గట్టిగా నొక్కి పెట్టాను, లెక్కపెట్టేవాళ్లకి ఎవరికి వేశానో అనుమానం రాకుండా. తర్వాత నాది వేసుకున్నాను. రెండూ ఒకే డబ్బాలో వేసి ఇంటికొచ్చి పడుకున్నాను. నువ్వు నా పార్టీకి వేయమని చెప్పి ఉంటే, నన్ను బుజ్జగిస్తున్నావనుకుని ఉత్తరం రాసేదాన్ని కాదు. మొదటి విషయానికి జవాబు చెప్పొద్దన్నావు, చెప్పను. వాన పడుతోంది. నీ బాత్‌టబ్ ఉన్న ఇంట్లో ఇప్పుడు ఎవరో కొత్త జంట ఉంటున్నారు.

సిస్టర్ గారు మెట్ల మీద కూలబడ్డారు. ఏడుస్తున్నారనుకుని వంగి చూస్తే నవ్వుతున్నారు. భుజాలు ఊగిపోయేలా, శబ్దం లేకుండా. ఎన్నో ఏళ్లు బరువు మోసినవాళ్లు దాన్ని దించాక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతారు చూడండి, ఆవిడ ముఖం అలా ఉంది. ఆకలేస్తోంది, పద, ఎక్కడికైనా వెళ్లి తిందాం అన్నారు. నేను తాళాలు తీస్తుంటే, హైవే మీదుగానే పోదాంలే అని కూడా అన్నారు.

ఆ తర్వాత నెలకొక ఉత్తరం అటూ ఇటూ. ఆ ప్రభుత్వం గురించి ఇద్దరూ కాగితాల మీద కొట్టుకునేవారు. జీన్ ఉత్తరాలు సిస్టర్ గారు నాకు చదివి వినిపించి, చూడు ఇదెంత మొండిదో అని మురిసిపోయేవారు. ఈ ఏడాది రిటైరయ్యాక వేసవి దాకా జీన్ దగ్గర ఉండి వస్తానని వెళ్లారు. తిరిగి రాలేదు.

అంత్యక్రియలు అయ్యాక జీన్ మళ్లీ ఫోన్ చేసింది. ఏమేం పాటలు పాడారో, ఎంతమంది పాత నర్సులు వచ్చారో చెప్పింది. మేమిద్దరం ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు, అయినా ఫోన్ పెట్టేయబుద్ధి కాలేదు. చివరికి జీన్ మే మొదట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పింది. ఆ రోజు అక్కడ కౌన్సిల్ ఎన్నికలు, మన మునిసిపల్ ఎన్నికల్లాంటివి. బయటి దేశంలో ఉండేవాళ్లకి అందులో ఓటు లేదు. అయినా సిస్టర్ గారు జీన్‌తో పాటు బూత్ దాకా నడిచారు. జీన్ లోపల ఓటేసి బయటికొచ్చేసరికి, వాన తుంపర్లో, బూత్ పెట్టిన బడి గోడ పక్కన బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉన్నారట. ఒకపక్క కార్మికుల పార్టీ వాళ్ల ఎర్ర రిబ్బను పువ్వు పెట్టుకున్న కుర్రాడు, ఇంకోపక్క అధికార పార్టీ వాళ్ల నీలం రిబ్బను పువ్వు పెట్టుకున్న పెద్దాయన. ఒళ్లో జంతికల డబ్బా. ముగ్గురూ ఒకే గొడుగు కింద, కరకరా నములుతూ.