కాచి చల్లార్చని నీళ్ళు

మా ఊరి మంచినీళ్ళ ప్లాంటు గోడకి నల్లరాతి పలక ఉంది. కంపెనీ పేరు, రిబ్బను కత్తిరించిన పెద్దల పేర్లు అందులో చెక్కారు. ఆ ప్లాంటు నీళ్ళు తాగి పోయిన మనిషి సంగతి ఎక్కడా లేదు. ఆమె మా చెల్లెలు. కాచకుండా తాగమన్నది నేను. ఇది నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. మా ఇంట్లో ఇప్పటివరకూ ఆ మాట నన్ను అన్నవాళ్ళు లేరు.

నా చదువు పదో తరగతితో ఆగింది. పొద్దున్నే కొబ్బరికాయలు ఒలిచి, పని అయ్యాక సైకిలు మీద రాజోలు లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. విజ్ఞానశాస్త్రం బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఆ గర్వమే మా కొంప ముంచిందని తెలిసి కూడా.

మాది సముద్రానికి దగ్గర ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్ళే. కాలువ నీళ్ళు చెరువులో నింపుకుని, బిందెలో పటిక తిప్పి, కాచి తాగేవాళ్ళం. ఒక కంపెనీ దేశదేశాల్లో మంచినీళ్ళు దానం చేస్తోందని పత్రికలో చదివి, ఊరి తరఫున అర్జీ రాసింది నేనే. ఏడాది తిరక్కుండా ప్లాంటు వచ్చింది. బోరు నీళ్ళలో ఉప్పు తీసేసే యంత్రం అది. దాని ఫిల్టరులోంచి సూక్ష్మజీవి కూడా దూరదని పుస్తకంలో ఉంది. ఆ రోజే నీళ్ళు కాచే తపేలా తీసి అటక మీద పెట్టాను. ఫిల్టరు పాడైతే ఏమవుతుందో ఆ పుస్తకంలో లేదు. నాకూ తోచలేదు.

మూడేళ్ళ తర్వాత చెల్లెల్ని కొత్తపేట నుంచి పురిటికి తెచ్చుకున్నాం. బావగారు కువైట్‌లో డ్రైవరు. ఆ వేసవిలో ప్లాంటు నీళ్ళ రుచి మారింది. పాడవలేదు, బాగుపడింది.

"ఎంత తియ్యగా ఉన్నాయో అన్నయ్యా! మా అత్తగారింట్లో ఇలాటి నీళ్ళెక్కడివి!" అంది చెల్లెలు.

ఉప్పునీళ్ళ ఊరివాళ్ళం. నీళ్ళు తియ్యగా ఉంటే మాకింక అనుమానం రాదు. అమ్మ మాత్రం ఒక గుక్క నోట్లో ఉంచుకుని ఆగింది.

"ఇది కాలువ రుచిరా. పుట్టిందగ్గర్నించీ తాగిన నోరు, నాకు తెలీదా? కడుపుతో ఉన్న పిల్ల. ఆ తపేలా దింపు, కాచి ఇస్తాను."

"బోరులోంచి కాలువ ఎలా వస్తుందమ్మా? నీ నాలిక మిషను కన్నా గొప్పదా?"

"గొప్పదో కాదో, నువ్వు దింపు."

"వద్దమ్మా, కాచిన నీళ్ళు తాగితే నాకు వికారం" అంది చెల్లెలు నవ్వుతూ. "లైబ్రరీ డాక్టరుగారు చెప్పేక ఇంకేటి?"

అమ్మ నవ్వలేదు. నేను తపేలా దించలేదు.

ఆ వారంలోనే కంపెనీవాళ్ళు ఫొటోలకి వచ్చారు. కడుపుతో ఉన్నావిడైతే బాగుంటుందని చెల్లెల్ని అడిగారు. చీర మార్చుకుని, గ్లాసు పట్టుకుని నిలబడింది.

నెల తిరిగేసరికి కళ్ళు పచ్చబడ్డాయి. అమలాపురం తీసుకెళ్ళాం, అక్కణ్ణుంచి కాకినాడ పంపారు. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లనీ, నెలలు నిండుతున్నవాళ్ళకి ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. "నీళ్ళు కాచి తాగేరా?" అని అడిగారు.

అమ్మ నావైపు చూడలేదు. "ఆయ్, కాచే ఇచ్చేనండి" అంది.

మర్నాడు కడుపులో బిడ్డ పోయింది. ఆ మర్నాడు చెల్లెలు.

పెద్దకర్మ అయ్యాక ప్లాంటు నడిపే ఆయన మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"ఫిల్టర్లు వేసంగి ముందే పోయేయండి, ఉప్పు ఆగట్లేదు. కంపెనీకి రాస్తే, కట్టి ఇవ్వడం వరకే మా పని అన్నారు. కంపెనీవోళ్ళు ఫొటోలకి వస్తన్నారు, ప్లాంటు ఆగితే ఊరి పరువు పోద్దని ఊళ్ళో ప్లాంటు కమిటీవోరు అన్నారండి. చెరువు పైపు తెచ్చి తిన్నగా టాంకీలోకి కలిపేసేను. నీళ్ళు తియ్యగా ఉన్నాయని అందరూ మెచ్చుకుంటంటే, చెప్పలేకపోయేనండి."

అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

తర్వాత లైబ్రరీలో ఆ కంపెనీ పుస్తకం చూశాను. మంచి కాగితం, నిండా రంగుల బొమ్మలు. ఎడారి దేశాల్లో చేతిపంపుల దగ్గర పిల్లలు, తలమీద డబ్బాలతో ఆఫ్రికా ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య గ్లాసు పట్టుకుని మా చెల్లెలు. ఆ దేశాల్లో కూడా ఒక ముసలమ్మ గుక్క పట్టి, ఇది పాత నీళ్ళే అంటూ ఉంటుందేమో. చదువుకున్న కొడుకు ఆమెని చూసి నవ్వుతూ ఉంటాడేమో. ఆ పేజీ చాలాసేపు తిప్పలేకపోయాను.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళని పేరుపేరునా తలుచుకోవాలి. ఊరు చిన్నది కనక పేర్లు రాయను. దాచుకోగలిగి కూడా వచ్చి నిజం చెప్పిన ప్లాంటు ఆయనకీ, తప్పులు దిద్దిన లైబ్రరీ మేడమ్‌గారికీ కృతజ్ఞతలు. కువైట్ నుంచి ఫోన్‌లో మొత్తం విని, ఒక్క నిష్ఠూరమాడకుండా "రాయండి బావగారూ" అన్న మా బావగారికి ఎలా చెప్పాలో నాకు తెలియదు.

అమ్మకి చదివి వినిపించాను. డాక్టరుగారితో తనన్న మాట వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కొట్టెయ్యి నాన్నా. ఊళ్ళోవాళ్ళు నిన్నంటారు."

అందుకే ఉంచాను.